కుడి పలక

మా నాయన కంబన్నకు పుట్టుకతోనే కుడికాలు జానెడు పొట్టి. గుంటమగ్గం నేసేవాడు గుంటలోకి కాళ్లు వేలాడేసి రెండు పలకలు మార్చి మార్చి తొక్కాలి. ఆ కాలు అందదు కనుక మా నాయన కుడి పలకను జానెడు పైకి కట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు అట్లాగే నేశాడు.

చీర తీసుకుపోతే బట్టల సావుకారి నాగసుబ్బయ్య శెట్టి అంగడి అరుగు మీద దాన్ని పరిచి, నలుగురి ముందర నవ్వేవాడు.

"కుంటోని నేత గూడా కుంటుతాది గదప్పా!"

మా నాయన కూడా నవ్వేవాడు. నేను నవ్వలేదు.

నాయన పోయాక మగ్గం విప్పి కొట్టంలో పెట్టాను. రెండువేల ఆరులో పాత సత్రంలో మా ఊరి మ్యూజియం పెట్టారు. దానికి శెట్టే పెద్ద. మా ఇంటికి వచ్చాడు.

"మీ నాయన మగ్గం ఇయ్యప్పా మద్దయ్యా. ఆయన పేరు నిలబడతాది."

ఇచ్చాను. బిగించడానికి కూడా నేనే కావలసి వచ్చింది. సత్రం నేలలో గుంట తవ్వి, కర్ర కర్రా నిలబెట్టి, పలకలు నాయన కట్టుకున్నట్టే కట్టాను.

తెరిచిన రోజు పోతే మగ్గం ముందర అట్ట ఉంది. 'నాగసుబ్బయ్య గారి తాతగారు స్వయంగా నేసిన మగ్గం' అని రాసి ఉంది. నా భార్య ఉరుకుందమ్మకు చదువు రాదు. చదివి వినిపించాను.

"పోయి అడుగు" అంది.

అడగలేదు. అడిగితే అట్ట మారుస్తాడు, అంతే. నాకు అది చాలదు. ఆ అరుగు దగ్గర నాయనను చూసి నవ్వినట్టు శెట్టిని చూసి నవ్వేవాళ్లు కావాలి.

మరుసటి ఏడు కర్నూలు కాలేజీ పద్మశ్రీ మేడం నెలకొక ఆదివారం బస్సులో జనాన్ని తెచ్చి ఊరు చూపించడం మొదలుపెట్టింది. బురుజు, దర్గా, మా వీధి నేతగేరి, శెట్టి అంగడి, చివర మ్యూజియం. అంతా నడకే. శెట్టి ముందు నడిచేవాడు, నేను వెనక. నాలుగుసార్లు నోరు మెదపలేదు. ఐదోసారి నలభై మంది వచ్చారు. అంగడిలో పటం చూపించి శెట్టి అన్నాడు:

"మా తాత. ఆరడుగుల మనిషి. నడిస్తే నేల అదురుతాండె!"

మ్యూజియంలో నేను ముందుకు పోయాను.

"సావుకారీ, కూచోని రెండు పోగులు నేసి చూపించండి. మేడం ఫోటో తీసుకుంటాది."

"ఇప్పుడెందుకులేప్పా."

"మీ తాత మగ్గమే గదా, సిగ్గేంటికి?"

జనం చప్పట్లు కొట్టారు. శెట్టి పంచె ఎగ్గట్టి గుంటలోకి దిగాడు. ఎడమకాలు పలక మీద ఆనింది. కుడికాలు పెట్టగానే మోకాలు లేచి, బట్ట చుట్టే దోనెకు టప్పున కొట్టుకుంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ కొట్టుకుంది.

"ఎవురు కట్టినారిది ఇంత పైకి?"

"మా నాయన."

"దించి కట్టు మద్దయ్యా" అన్నాడు మెల్లగా.

"యాల దించల్ల? ఆరడుగుల మీ తాతకు కుడికాలు జానెడు పొట్టా?"

మేడం వంగి పలక మీద మడమ అరగదీసిన గుర్తు చూసింది.

"ఎవరిది ఈ మగ్గం?" అంది.

వాకిట్లో నిలబడిన మా గేరి వరమ్మ అందుకుంది. "కుంటి కంబన్నది తల్లీ! సెట్టోళ్లు అంగట్లో బట్ట కొలిచిందే గాని, నేసింది యాడ?"

ఒకరు నవ్వారు. తర్వాత నలభై మందీ నవ్వారు. శెట్టి లేవబోతే కాలు పట్టేసింది. చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. బస్సు డ్రైవరు వచ్చి లేపాడు.

సాయంత్రానికి అట్ట మీద మా నాయన పేరు వచ్చింది. శెట్టి మా ఇంటిదాకా నడిచి వచ్చాడు.

"పేరు మార్పించినా గదప్పా. ఇంగ ఇడిసిపెట్టు."

"మంచిది" అన్నాను.

ఇప్పుడు ముందు నడిచేది నేను. మేడమే అడిగింది. దారి కొంచెం మార్చాను. బస్సు దిగగానే మొదట శెట్టి అంగడి. అరుగు ముందర జనాన్ని నిలబెట్టి, మా నాయన నేసిన చీరను శెట్టి ఎక్కడ పరిచేవాడో వేలు పెట్టి చూపిస్తాను. ఏమనేవాడో శెట్టి గొంతుతోనే చెప్తాను, లోపలికి వినపడేట్టు.

పోయిన ఆదివారం మమ్మల్ని చూసి షట్టరు సగానికి దించుకున్నాడు. మిగతా సగం కూడా దించేదాకా నేను జనాన్ని కదిలించలేదు.