సగం డబ్బా మందు

చిట్యాల దగ్గర నాలుగు వేల కోళ్ళ షెడ్డు నడిపే నర్సింగమ్మకు పొదుపు ఎక్కువ. కోళ్ళకు జబ్బు చేస్తే ఐదు రోజులు నీళ్ళలో కలపమన్న మందును రెండు రోజులకే ఆపేది. గురక తగ్గిందిగా, ఇంకెందుకట! రైతు ఇంట్లో విత్తనాలు దాచినట్టు, మిగిలిన సగం డబ్బాను వచ్చే బ్యాచ్‌కు దాచేది. సగం మందుకు చావని క్రిములు షెడ్డులోనే మిగిలి, ఆ మందుకు అలవాటు పడుతున్నాయని ఆమెకు తట్టలేదు.

పోయిన నెల కోళ్ళు రాలిపోతుంటే పశువుల డాక్టరు ఉమారాణి పరీక్ష చేయించి కాగితం చేతికిచ్చింది. ఆరు మందుల్లో ఐదు ఈ క్రిమిని చంపలేవని, ఇది మనుషులకూ అంటుతుందని, జాగ్రత్తగా ఉండమని చెప్పింది.

వారం తిరగకముందే, చచ్చిన కోళ్ళను ఏరుతుంటే మేత డబ్బా అంచు తగిలి ఆమె భర్త పర్వతాలు అరచెయ్యి తెగింది. నర్సింగమ్మ దాచిన పొడినే గాయంలో అద్ది, ఇంకాస్త నీళ్ళలో కలిపి తాగించింది. కోడికి పనిచేయకపోతే మనిషికి చేయకూడదని ఎక్కడుంది అనుకుంది, మహాతల్లి. మూడోనాటికి చెయ్యి మోచేతి దాకా వాచింది. ఒళ్ళు కాలిపోతుంటే నల్లగొండ దవాఖానలో చేర్చారు.

ఇంటి దగ్గర ఏం మందు వాడారని డాక్టరు అడిగాడు. ఏమీ లేదంది. కోళ్ళ మందు మొగుడికి పోసిందంటే ఊరంతా నవ్వదూ? మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అబద్ధం. ఇస్తున్న సూదులేవీ పనిచేయడం లేదు. గాయం పరీక్ష ఫలితం రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుందట. ఉమారాణి ఇచ్చిన కాగితం మాత్రం నర్సింగమ్మ చేతిసంచిలోనే ఉంది. తీద్దామని సంచిలో చెయ్యి పెడుతుంది, ఎవరైనా చూస్తే వెనక్కి తీసుకుంటుంది.

సాయంత్రానికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. రేపటికి తగ్గకపోతే చెయ్యి తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పగానే పరువూ గిరువూ ఎగిరిపోయాయి. కాగితం ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పేసింది.

ఆయన చదివి, మిగిలిన ఆ ఒక్క మందు పేరు రాసి నర్సును పరుగున పంపాడు. నిన్ననే చెప్పి ఉంటే వేళ్ళు దక్కేవన్నాడు.

"చెయ్యన్న దక్కుతదా సారూ?"

రెండు రోజులు చూడాలని చెప్పి వెళ్ళిపోయాడు.

నర్సింగమ్మ మంచం పక్కన కూలబడింది. ఏడుపు ఆగలేదు. పర్వతాలు కళ్ళు తెరిచాడు. తాను తాగించింది కోళ్ళ మందని ఆమె చెప్పబోతే ఆపాడు.

"నాకెరుకనే. గా పొడి రోజూ కలిపేటోణ్ణి, వాసన తెల్వదా? డాక్టరు నన్ను గూడ అడిగిండు. నిన్ను నలుగుర్ల మాటంటరని నేనే చెప్పలే."