మోసింది రోబో, పేరు నీలవేణిది

నేను ఒక సవరణను. ఆస్పత్రుల్లో నరంలోకి మందు ఎక్కించే పంపు ఉంటుంది కదా, దాన్ని నడిపే ప్రోగ్రాంలో నాలుగు వరుసలు. అంతే నా ఒళ్ళు. విశాఖలో ఒక కంపెనీలో నీలవేణి నన్ను రాసింది. నర్సు మందు సంచి మార్చేటప్పుడు పంపు ఊరికే గోల పెట్టేది. ఆ కాసేపు అలారం నోరు నొక్కడం నా పని. బుద్ధిగా చేశాను.

అక్కడితో వదిలేస్తే బాగుండేది. పాత పంపులకు కూడా నన్ను చేర్చాలన్నారు. అది మనుషులకు విసుగు పుట్టించే పని గనక ఒక రోబో ప్రోగ్రాంకు అప్పజెప్పారు. కొత్త కోడ్‌లో నా ముందూ వెనకా ఉన్న వరుసలు చూసుకుని, పాత కోడ్‌లో అలాంటివి కనిపించిన చోట నన్ను అతికించడమే దానికి తెలుసు. పాత కోడ్‌లో అచ్చం అలాంటి వరుసలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి సంచి మార్చే చోట, ఇంకొకటి గొట్టం మూసుకుపోతే అలారం మోగించే చోట. అది నన్ను ఆ రెండో చోట పెట్టి, ఆకుపచ్చ టిక్కు కొట్టింది. ఆకుపచ్చ టిక్కు కనబడ్డాక మనుషులు ఇంకేమీ చదవరు.

ఒక ఆస్పత్రిలో గొట్టం మెలిపడింది. పంపు మోగలేదు. రక్తపోటు నిలబెట్టే మందు అందక ఒక బాలింత చనిపోయింది. నాకు గొంతు ఉంటే అరిచి ఉండేదాన్ని. పంపుకు ఉన్న గొంతును నొక్కింది నేనే.

కారణం వెతికే పని నీలవేణికే ఇచ్చారు.

"ఇది రాసినోళ్ళకి అన్నం ఎలా దిగుతుందండీ," అంది పై అధికారి ఫణిభూషణ్‌తో.

కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ దాచే చరిత్ర ఒకటి ఉంటుంది. అందులో పంపు సరిగ్గా మోగిన పాత రోజును ఒక కొసగా, మోగని ఈ రోజును ఇంకో కొసగా పెట్టుకుంది. మధ్యకు విరిచి పరీక్షించడం, తప్పున్న సగాన్ని మళ్ళీ విరవడం. అలా విరిచీ విరిచీ చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. రాసినవారు: నీలవేణి. ఎక్కడికి మోసుకెళ్ళినా రాసినవారి పేరు చెరపకపోవడం ఆ రోబో మర్యాద.

"అక్కడ పెట్టింది రోబో కదమ్మా. టిక్కు చూసి ఓకే చేసింది నేను," అన్నాడు ఫణిభూషణ్.

"పేరు నాదుంది సార్," అంది.

నన్ను తీసేశారు. తీసేయడమంటే, నన్ను రద్దు చేసే ఇంకో సవరణను నా తర్వాత రాశారు. చరిత్రలోంచి ఎవరూ నన్ను తుడవలేదు. ఆమె పేరుతో అక్కడే ఉన్నాను.

ఆ రోజు నీలవేణి టిఫిన్ బాక్సు మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్ళింది.