డ్రిల్లింగ్ మొదలయ్యాక

"ఏమోయ్, ఓటీపీ!"

హాల్లోంచి మా ఆయన కేక వినగానే నా చేతులు వాటంతటవే తడి తుడుచుకుంటాయి. ఫోను ఫ్రిజ్ మీద ఉంటుంది. అందుకుని, వచ్చిన అంకెలన్నీ ఒక్కొక్కటిగా గట్టిగా చదువుతాను, బళ్లో పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు. "ఆఁ, అయిపోయింది" అంటాడు. నేను మళ్లీ గిన్నెల దగ్గరికి వెళతాను. దేనికి, ఎంత, ఎటు పోయింది అని అడగను. మొదట్లో అడిగేదాన్ని. "చెప్తే నీకు అర్థమవుతుందా?" అనేవాడు. అర్థం చేసుకోలేని మనిషి పేరు మీద అన్ని షేర్లు ఎందుకు కొన్నావని నాకప్పుడు తోచలేదు.

షేర్లన్నీ నా పేరు మీదే ఉన్నాయి. అలా అయితే పన్ను తక్కువ పడుతుందని ఎవరో చెప్పారట. "అంతా ఆవిడ పేరు మీదే పెట్టానండీ" అని మా ఆయన నలుగురిలో చెప్పుకుంటే, "అదృష్టవంతురాలివమ్మా" అని ఆ నలుగురూ నా వైపు చూసి తలలూపుతారు. అందులో సగానికి పైగా నా జీతమేనని ఆయన చెప్పడు, వాళ్లు అడగరు. నా బ్యాంకు యాప్ కూడా ఆయన ఫోన్‌లోనే ఉంటుంది, పాస్‌వర్డ్ ఆయన బుర్రలో ఉంటుంది. ఖాతా ఎవరిదో ఫోన్ నంబరు కూడా వాళ్లదే ఇవ్వాలని బ్యాంకువాళ్లు పట్టుబట్టారు కాబట్టి ఆ ఓటీపీ ఒక్కటీ నా దగ్గర మిగిలిపోయింది.

ఆ షేర్లు ఒక చమురు కంపెనీవి. ఒడ్డుకి ఎక్కడో దూరాన, నడిసముద్రంలో, నీళ్ల అడుగున నేలను తొలిచి చమురు తీస్తారట. తీస్తారట అనడమే గానీ ఇంతవరకు చీపురుపుల్ల దూరేంత కన్నం కూడా పెట్టలేదు. అనుమతులు రాలేదని కొన్నాళ్లు, తవ్వే ఓడ దొరకలేదని కొన్నాళ్లు, దొరికిన ఓడ మరమ్మతుల్లో ఉందని కొన్నాళ్లు. ఆ ఓడతోపాటే మా ఇంటి పనులన్నీ రేవులో ఆగిపోయాయి. వాషింగ్ మెషీన్ పాడైతే, "డ్రిల్లింగ్ మొదలవనీ, ఏకంగా కొత్తదే కొందాం" అన్నాడు. నా దవడపన్ను పోటు పెడుతోందంటే, "డ్రిల్లింగ్ మొదలయ్యాక చూద్దాం, ఈలోగా అటువైపు నమలకు" అన్నాడు. అప్పట్నుంచీ ఒక పక్కనే నములుతున్నాను, దుప్పట్లు చేత్తో పిండుతున్నాను. సముద్రం అడుగు తొలవడానికి మా దగ్గర డబ్బుంది, నా పన్ను తొలిచి సిమెంటు పెట్టించడానికి లేదు. "మగాడు నాలుగు రాళ్లు వెనకేద్దామని తాపత్రయపడుతుంటే ఇంట్లో ఆడది సర్దుకోవాలి గానీ, పన్నూ పన్నూ అని ఆ గోలేమిటి?" అంటారు మా అత్తగారు, నేను కట్టించిన పళ్లతోనే.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున వెళ్లింది మొదలు నిలబడే ఉంటాను. చేతికి రబ్బరుపట్టీ కట్టడం, నరం వెతకడం, సూది దించడం, ట్యూబు మీద పేరు అంటించడం. నొప్పి తెలియకుండా తీస్తానని కొందరు నా కోసమే కాచుకుని కూర్చుంటారు. జీతం పెంచమని అడిగితే మా డాక్టరుగారు నవ్వి, "మీకేంటమ్మా, మీ ఇంట్లో చమురు బావి ఉందిగా" అంటారు. నేను చెయ్యి పట్టుకుని సూది పట్టడం నేర్పిన కుర్రాడు ఇవాళ నాకు పైవాడై నా సెలవు చీటీ మీద సంతకం పెడుతున్నాడు. ఇదేం న్యాయం సార్ అంటే, "అతను ఇల్లు నడుపుకోవాలి కదమ్మా" అన్నారు. మరి నేనేం నడుపుతున్నాను, సర్కసా? ఆ మాట అక్కడే అనాల్సింది. ఇంటికొచ్చి అంట్లు తోముతూ అనుకున్నాను, ఏం లాభం?

కానీ ఒకటి మాత్రం చేశాను. ల్యాబ్‌కి వెళ్లేముందు, తెల్లారకుండానే లేచి, మంచాన పడ్డ పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి రక్తం తీసుకొచ్చే పని ఒప్పుకున్నాను. ఆ డబ్బు ఎప్పటికప్పుడు డిపాజిట్‌లో వేసుకున్నాను. మా వీధి చివర మందుల షాపుంది. దాని పక్కగది ఖాళీ అవుతోంది. "అక్కా, నీకైతేనే ఇస్తాను. సోమవారానికల్లా మాట చెప్పు, తర్వాత నన్ననకు" అంది షాపావిడ. రెండు కుర్చీలు, చిన్న ఫ్రిజ్, చేయి ఆనించుకోవడానికి ఒక బల్ల చాలు. రక్తం నేను తీస్తాను, పరీక్ష చేయడానికి పెద్ద ల్యాబ్‌కి పంపిస్తాను. బయట బోర్డు మీద నా పేరుంటుంది. ఎన్ని సార్లు ఆ గది ముందు ఆగి లోపలికి తొంగిచూశానో, బల్ల ఏ గోడకి వేయాలో కూడా అనుకున్నాను. మా ఆయనకి చెబితే టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండానే, "ఇప్పుడవన్నీ ఎందుకు? డ్రిల్లింగ్ మొదలయ్యాక నువ్వసలు పనే చెయ్యక్కర్లేదు. రాణిలా కూర్చోవచ్చు" అన్నాడు. నన్ను కూర్చోబెట్టమని ఈయన్ని ఎవరడిగారు?

ప్రతి ఆదివారం మా హాల్లో షేర్లున్నవాళ్లంతా చేరతారు. స్టేషనరీ కొట్టాయన, మా మరిది, ఇంకో నలుగురైదుగురు, వీళ్లందరికీ పెద్దగా కెప్టెన్. కెప్టెన్ అంటే అది మేం పెట్టిన పేరు. ఆయన రిటైరైన గుమాస్తా, బస్సెక్కితేనే వాంతి చేసుకునే మనిషి. కానీ ప్రపంచంలో ఏ ఓడ ఎక్కడుందో చూపించే మ్యాప్ ఆయన ఫోన్‌లో ఉంది. అందులో తవ్వే ఓడ చిన్న త్రికోణంలా కనిపిస్తుంది. వీళ్లంతా ఒకరి భుజం మీద నుంచి ఒకరు వంగి ఆ త్రికోణాన్ని చూస్తుంటారు. "మన ఓడ", "మన బావి" అంటారు. నేను టీ ఇస్తాను, కప్పులు తీస్తాను, మళ్లీ టీ ఇస్తాను. ఎప్పుడైనా కాసేపు గుమ్మం దగ్గర నిలబడితే, "ఏమ్మా, బిస్కెట్లున్నాయా?" అంటాడు కెప్టెన్.

పోయిన వానాకాలంలో ఒకసారి ఆ త్రికోణం కదిలింది. ఒకళ్లనొకళ్లు కౌగలించుకున్నారు. మా ఆయన నా బోనస్ మొత్తం తీసి మళ్లీ షేర్లు కొన్నాడు. ఓటీపీ నేనే చదివాను. తీరా చూస్తే అది సిమెంటు బస్తాలు మోసే ఓడ, పేరు ఒకటే అయింది. "పేరు కలిసిందండీ, నేనేం చెయ్యను" అని కెప్టెన్ మొహం వేలాడేస్తే అందరూ కలిసి ఆయన్ని ఓదార్చారు. నా బోనస్ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఓదార్పుకి కూడా టీ పెట్టింది నేనే.

ఈ ఆదివారం నేను దుప్పటి పిండి ఆరేసి వంటింట్లోకి వచ్చేసరికి హాల్లో ఈలలు.

"కదిలింది! మన ఓడే. ఈసారి పేరే కాదు, నంబరుతో సహా సరిచూశాను" అంటున్నాడు కెప్టెన్.

"రేపు మార్కెట్ తెరిచాక ధర ఆగదు. ఉన్నదంతా పొద్దున్నే పెట్టేయాలి" అన్నాడు స్టేషనరీ కొట్టాయన.

"అన్నయ్యా, వదిన డిపాజిట్ ఏదో ఉందన్నావుగా?" అన్నాడు మా మరిది.

"అదెంత పని? ఇప్పుడే రద్దు చేసేస్తా. రేపు పొద్దుటికి డబ్బు సిద్ధంగా ఉంటుంది" అన్నాడు మా ఆయన.

నా తెల్లవారుజాములన్నీ 'అదెంత పని' అయిపోయాయి.

"ఏమోయ్, ఓటీపీ!"

ఫ్రిజ్ మీద ఫోను మోగింది. అందుకున్నాను. ఎప్పుడూ అంకెలే చూసేదాన్ని, మిగతాది చదివే తీరిక ఉండేది కాదు. ఈసారి మెసేజ్ మొత్తం చదివాను. మీ డిపాజిట్ రద్దు చేయడానికి ఈ నంబరు అని ఉంది. కింద ఇంకొకటి ఉంది: దీన్ని ఎవరికీ చెప్పకండి, మా సిబ్బంది అడిగినా చెప్పకండి. ప్రతిసారీ ఆ మాట వచ్చిందన్నమాట. ఇన్నేళ్ల కాపురంలో ఇది నీది, ఎవరికీ ఇవ్వకు అని నాతో అన్నది ఆ బ్యాంకు మెసేజ్ ఒక్కటే. ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద ఎంత మండిందో నా మీదా అంతే మండింది.

"వినపడలేదా? టైమైపోతుంది!"

ఫోను పట్టుకుని హాల్లోకి వెళ్లాను. "ఎవరికీ చెప్పొద్దని రాశారండీ" అన్నాను.

అందరూ నవ్వారు. "వదినకి ఇవాళ హుషారెక్కువైంది" అన్నాడు మా మరిది.

"అది దొంగలకి చెప్పొద్దని. నేను నీ మొగుణ్ణి" అన్నాడు మా ఆయన, నవ్వుతూనే.

"మొగుడికి చెప్పొచ్చని ఎక్కడా రాయలేదు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మా ఆయన లేచి దగ్గరికొచ్చి, "నలుగురిలో పరువు తియ్యకు" అన్నాడు పళ్లు బిగించి. నా డిపాజిట్ సంగతి ఆ నలుగురిలోనే మాట్లాడాడు కదా, అప్పుడు పోని పరువు ఇప్పుడెలా పోతుందో. లోపలి గదిలోంచి అత్తగారు, "ఏమైందిరా? ఇవ్వనంటోందా?" అని అరిచారు.

"నిజంగానే వస్తోందమ్మా, కావాలంటే చూడు" అని కెప్టెన్ తన ఫోను నా ముందు పెట్టాడు. చూశాను. నీలం మీద చిన్న త్రికోణం. వస్తోందేమో. సిమెంటు ఓడ కాదేమో. రానీ, చమురు ఎగజిమ్మనీ, వీళ్లందరూ బాగుపడనీ, నాకేం కడుపుమంట లేదు. నా గది మాత్రం ఆగదు. రేపు మాట చెప్పకపోతే ఇంకొకరికి వెళ్లిపోతుంది.

ఫోను నా చేతిలోనే ఉంది కాబట్టి స్పీకర్ పెట్టి మందుల షాపావిడకి కలిపాను. అందరూ వింటుండగానే, "గది నాకే ఉంచు. రేపు బ్యాంకు తెరవగానే నేనే వెళ్లి డబ్బు తీసి, అడ్వాన్స్ ఇచ్చి తాళం తీసుకుంటాను" అన్నాను. "సరే అక్కా" అంది ఆవిడ. ఆ రెండు ముక్కలూ హాలంతా వినపడ్డాయి.

పెట్టేసరికి ఫోను మళ్లీ మోగింది. మా ఆయన ఇంకో ఓటీపీ పంపించమని నొక్కినట్టున్నాడు.

"పిచ్చి వేషాలు చాలు. ఆ నంబరు చెప్తావా, చెప్పవా?" అన్నాడు.

బల్ల మీద ఖాళీ కప్పులు చాలా ఉన్నాయి. అలవాటుగా చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాను.

"డ్రిల్లింగ్ మొదలవనివ్వండి" అన్నాను. "అప్పుడు చూద్దాం."