ఫ్యాను నోరు మూసిన పూట

మధ్యాహ్నం పన్నెండులోగా కోడలు తన గొంతు రికార్డు చేసి పంపాలి. నచ్చితే చూపులేని పిల్లలకు పాఠాలు చదివే ఉద్యోగం ఆమెదే. కంప్యూటర్లో ఫ్యానేమో పిండిమరలా హోరెత్తుతోంది.

"నేనున్నాగా వదినా!" అంటూ మరిది కూర్చున్నాడు. కంప్యూటర్లు బాగుచేయడమే అతని పని. "లోపల రెండు కోర్లున్నాయి, రెండు బుర్రలనుకో. నీ రికార్డింగు మొదటిదాని మీద నడుస్తోంది. దాని వేగానికి హద్దు పెట్టేశా, వేడి తగ్గితే ఫ్యానూ తగ్గుతుంది."

హోరు పిసరంతైనా తగ్గలేదు.

"హద్దు పెట్టావో, ముద్దు పెట్టావో!" అంది వదిన. గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

మామగారు ముప్పయ్యేళ్లు ఇనుము చెక్కే లేతు మిషన్ల షెడ్డులో పనిచేసిన మనిషి. మాట మహా పొదుపు.

"ఆ రెండూ దేనికదే తిరుగుతాయా, కలిసా?"

"కలిసే నాన్నా. రెండింటికీ ఒకటే వేగం."

"మా షెడ్డులో రెండు మిషన్లకు ఒకటే మోటారు. నేను నెమ్మదిగా అన్నా, పక్కవాడు జోరు కావాలంటే రెండూ పరిగెత్తేవి."

మరిది నాలుక్కరుచుకున్నాడు. రెండో కోరు మీద పాత వీడియో ఒకటి కొత్త ఫార్మాట్‌లోకి మారుతూ, ఎక్కువ వేగం అడుగుతోంది. దానికీ అదే హద్దు పెట్టాడు. ఫ్యాను మూలిగి, సద్దుమణిగింది.

వదిన చదవడం మొదలుపెట్టింది.

"చూశావా నా ప్రతాపం!" అని అరిచాడు మరిది. ఆ రికార్డు కాస్తా పాడైంది.

మామగారు కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. ఆయనకేమో దగ్గుంది, అందుకే తానూ బయటే ఉండి తలుపేశాడు.

"ఒక్కడికే హద్దు పెడితే చాలదురా" అన్నాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది.

"పంపేశా మామయ్యా! ఇక దగ్గుకోండి."