ఎర్ర మచ్చ, జంట తుమ్ము

ఆ ఎర్ర మచ్చ కంప్యూటర్లో ఎంత ముద్దొచ్చిందో, అనుకుంటున్నాడు జాన్ పాల్ కారు వెనక సీట్లో, ఉపగ్రహం తీసిన ఫొటోలో ఇబ్రహీంపట్నం దాటాక పొలాల మధ్య ఇనుప ఖనిజం ఎలా కనిపించాలో అచ్చం అలాగే కనిపించింది, కనిపిస్తే తను ఊరుకున్నాడా, ఆఫీసంతా చాటాడు, ఇంటికెళ్ళి జెస్సికాకి చెప్పాడు, జెస్సికా వాళ్ళమ్మకి చెప్పింది, అత్తగారు అమలమ్మ ఆదివారం చర్చిలో లేచి మా అల్లుడు ఆకాశంలోంచి చూసి ఇనుము కనిపెట్టాడండీ అని సాక్ష్యం చెప్పేసింది, అందరూ స్తోత్రం అన్నారు, ఇప్పుడక్కడ ఇనుము లేకపోతే దేవుడికి కూడా మాటొస్తుంది, తన ఉద్యోగం సంగతి సరేసరి, మచ్చ నిజమైతేనే పర్మనెంటు చేస్తానన్న ఓనరు రామకోటేశ్వరరావు గారు అదిగో ముందు సీట్లోనే కూర్చున్నారు.

హాచ్ అని తుమ్మాడు, ఆపు ఆపు అన్నారాయన డ్రైవరుతో, పనిమీద పోతుంటే ఆ ఒంటి తుమ్మేంటయ్యా జాన్ పాలూ, అని కారు పక్కకి తీయించి అద్దాలు దించి మంచినీళ్ళు తాగి అందరిచేతా తాగించారు, శకునాల మీద తనకి నమ్మకం లేదు గానీ ఈ ఘాటేమిటి, ఎరిగిన ఘాటే, జెస్సికా పోపు మాడ్చినప్పటిదా, కాదు, ఏటా ఈ రోజుల్లో అత్తగారు పంపే కొత్త కారం డబ్బా మూత తీసినప్పటిది, హాచ్, ఆహా జంట తుమ్ము, శుభమయ్యా, ఇనుము ఉన్నట్టే, పోనివ్వు పోనివ్వు, ఓనరు గారి సంతోషం చూస్తుంటే తనకి గుర్తొచ్చింది, పోయిన ఆగస్టు ఫొటోలో ఆ మచ్చ లేనేలేదు, పైరు కప్పేసిందిలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు, ఏడాదికోసారి కాపుకొచ్చే ఇనుము ఎక్కడన్నా ఉంటుందా.

కారు మలుపు తిరిగింది, కళ్ళెదుట కల్లాలు, ఆ చివర్నుంచి ఈ చివరికి ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు, హాచ్ అని డ్రైవరు, హాచ్ హాచ్ అని ఓనరు గారు, ఏదయ్యా ఇనుము అని కళ్ళు తుడుచుకుంటూ ఆయనే, సిగ్గుతో చితికిపోతున్నా పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది, సార్, ఇనుము లేదండీ, మిరపకాయలండీ అనేశాడు, మరి జంట తుమ్ము శుభమన్నానే అని ఆయన దిగాలుపడ్డారు, పాపం తుమ్ముదేం తప్పు, ఆకాశంలో ఉన్న ఉపగ్రహానిదీ తప్పు లేదు, అది ఎర్రగా ఉందని మాత్రమే చెప్పింది, ఇనుమన్నది తను.