చెట్లకు వేరే లైను

నీటి సరఫరా ఆఫీసులో రోజూ పొద్దున్నే మొదటి పని, చెట్లు ఎక్కడున్నాయో కనుక్కోవడం. ఆ నగరంలో చెట్లు ఒకచోట కుదురుగా నిలబడే రకం కావు. మొదలు దగ్గర తడి ఆరితే చాలు, వేళ్లు పెకలించుకుని, తడి ఉన్నవైపు నింపాదిగా నడిచిపోయేవి. ఏ వీధిలో గుంపు కడితే ఆ వీధిలో పైపు పగిలినట్టే లెక్క. లైన్‌మన్ గునపం పట్టుకుపోయి, "జరగండి, కాస్త జరగండి" అని వాటిని నెట్టుకుంటూ తవ్వేవాడు. ఇంటిముందు చెట్టు వెళ్లిపోతే జనం రెండ్రోజులు గొణుక్కుని ఊరుకునేవాళ్లు.

ప్లానింగ్ ఇంజనీరుకు మాత్రం ఆ వేసవిలో చెట్లను చూస్తే ఒళ్లు మండేది. జలాశయం అడుగంటింది. ఉన్న కాసిని మంచినీళ్లలో సగం పార్కులకే పోతున్నాయి. పొయ్యకపోతే చెట్లు పైపుల మీద పడి పగలగొడతాయని అందరికీ భయం. అటు పెద్దాసుపత్రిలో నీళ్లు చాలక డయాలిసిస్‌కు కోత పెట్టారు. ఆమె తమ్ముడికి వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయాలి. రెండుసార్లే దక్కుతోంది. మనిషి ఉబ్బిపోయాడు. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు.

"ఎలా ఉందిరా?" అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

"బాగానే ఉన్నాలే అక్కా. నీ పైపులు ఎంతవరకొచ్చాయి?"

"ఇవాళ మీటింగు. సంతకం పడితే పని మొదలే."

"తొందరగా కానివ్వవే. లేకపోతే నేనే ఊరికి నీళ్ల ట్యాంకునయ్యేట్టున్నా." నవ్వబోయి దగ్గాడు.

ఆమె ప్లాను చిన్నదేం కాదు. ఏటి నీళ్లను శుద్ధి చేయకుండా అలాగే తోటలకు పంపే వేరే లైను. చెట్లకు ముడినీరు, మనుషులకు మంచినీరు. అందుకోసం నెలల తరబడి చెట్టుచెట్టుకూ తిరిగి కొలిచి, ఒక్కోదాని మొదలు దగ్గర ఒక్కో కుళాయి వచ్చేలా పటం గీసింది. అక్కడే బోల్తా పడింది. పటం పూర్తయ్యేసరికి చెట్లన్నీ చోటు మారాయి.

మీటింగులో చీఫ్ ఇంజనీరు గారు పటం మీద వేలు పెట్టారు. "ఏమ్మా, ఈ కుళాయిలు ఎవరికి? ఇక్కడ బస్సులు ఆగే చోటుంది గానీ చెట్టేదీ?"

"మళ్లీ కొలుస్తాను సార్."

"నువ్వు కొలిచేలోగా అవి మళ్లీ నడుస్తాయి. వచ్చే ఏడాది చూద్దాంలే."

"వచ్చే ఏడాదికి మా తమ్ముడుండడు సార్."

చీఫ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నా చేతుల్లో ఏముందమ్మా" అన్నారు.

ఆమె మెట్లు దిగుతుంటే ఆసుపత్రి నుంచి ఫోను. "మేడమ్, ఇవాళ మీ తమ్ముడి వంతు కూడా రద్దు. ట్యాంకులో చుక్క లేదు."

ఆమె ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులోనే తట్టింది, చెట్ల దగ్గరికి పైపు పోవాలని అసలెవరు చెప్పారని. ఇన్నేళ్లూ నీళ్ల దగ్గరికి నడిచింది అవే కదా.

ఊరవతల ఏటిగట్టున, ఈ ముడినీటి లైను ప్రయోగం కోసం బిగించిన పంపు ఒకటుంది. అక్కడికెళ్లి ఎవర్నీ అడక్కుండా దాన్ని ఆన్ చేసి వాల్వు తిప్పింది. నాచు వాసన వేసే ఎర్రనీళ్లు గట్టు పక్క బీడంతా పరుచుకున్నాయి. ఆమె ఎండలో నిలబడి ఊరివైపు చూసింది. ఆకు కూడా కదల్లేదు. నీళ్లు మడమలు దాటాయి.

"రండే తల్లీ! మీ కాళ్లు పట్టుకుంటా, రండే!" అని గొంతు పగిలేలా అరిచింది.

చాలాసేపటికి రోడ్డు మలుపులో ఒక బక్క బాదంచెట్టు కనబడింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక పార్కులకు పార్కులే కదిలొచ్చాయి. బస్సులు ఎప్పట్లాగే పక్కకు తప్పుకుని దారిచ్చాయి. చెట్లు ఆమెను ఒరుసుకుంటూ పోయి బురదలో వేళ్లు దించాయి.

సాయంత్రం చీఫ్ గారు ఫోన్లో విరుచుకుపడ్డారు. "ఊరంతా బోడి చేశావు కదమ్మా! రేపు ఈ ఎండకు జనం నన్ను బతకనిస్తారా?" అంతలోనే గొంతు తగ్గించారు. "పార్కుల నీళ్లు ఆసుపత్రికి మళ్లించమన్నాను. పొద్దున్నే తీసుకెళ్లు వాణ్ని."

మర్నాడు ఆసుపత్రిలో డయాలిసిస్ మిషన్ తిరగడం మొదలైంది. నెల రోజుల్లో మొదటిసారి తమ్ముడు వెల్లకిలా పడుకున్నాడు. బయట ఆవరణలో ఒక్క చెట్టూ లేదు. ఎండ కిటికీలోంచి నేరుగా మంచం మీదికొచ్చింది.

"అక్కా, కళ్లలో పడుతోందే."

ఆమె లేచి కిటికీకి అడ్డంగా నిలబడింది. నీడ అతని ముఖం మీద పడింది. అతను నిద్రపోయాడు. ఎండ జరిగినప్పుడల్లా ఆమె కూడా కొంచెం కొంచెం జరుగుతూ, మిషన్ ఆగేదాకా అలాగే నిలబడింది.