పద్నాలుగో నంబరు నుంచి ఇరవై ఏడుకు

1966 అక్టోబరు 11, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. పడమటి గాలి, దానితోపాటు సన్నని జల్లు. నేను పనిచేసే గ్రంథాలయం తలుపు పక్కనున్న థర్మామీటరు ఫారన్‌హీట్ నలభై ఎనిమిది చూపుతోంది. ఈ వివరాలు ఆనాటి దినచర్య పుస్తకంలో నా చేతిరాతతోనే ఉన్నాయి కనుక జ్ఞాపకం మీద ఆధారపడవలసిన అవసరం లేదు. ఆ సమయంలో డబ్లిన్ నుంచి వచ్చిన టెలిఫోన్ శాఖ ఇన్‌స్పెక్టరు లవిన్ లోపలికి వచ్చి, గొడుగు మూలన ఆనించి, సంచిలోంచి ఒక నవల తీసి నా బల్ల మీద పెట్టాడు. అది మా గ్రంథాలయం ప్రతే. అరవై ఒకటో పేజీలో ఎవరో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు.

"మిస్ కిల్గానన్, ఈ మాట మీరెప్పుడైనా విన్నారా?"

"ముందు కూర్చోండి. తడిసి ముద్దయ్యారు. టీ పెడతాను."

మా ఊరు కిలవోహర్‌లో ఏ ప్రశ్నకైనా మొదటి జవాబు ఇదే కనుక అతను అనుమానించలేదు. మా గ్రంథాలయంలోని గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాగడానికి ఏడు నిమిషాలు పడుతుంది. నేను ఇవ్వబోయే సమాధానం మీద ఒక మనిషి ఉద్యోగమూ, ఆమె తల్లి పడుకుని ఉన్న రెండు గదులూ ఆధారపడి ఉన్నాయి. ఆలోచించుకోవడానికి ఆ ఏడు నిమిషాలే నాకు దొరికిన వ్యవధి.

ఆ మనిషి పేరు అట్రాక్టా డెవనీ. 1951 నుంచి పోస్టాఫీసులో ఉన్న మా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిని ఆమె ఒక్కతే నడిపేది. ఊరు మొత్తానికి నలభై మూడు ఫోన్లు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆమె తీగ తీసి రంధ్రంలో గుచ్చితేనే సాధ్యం. పోస్టాఫీసు పై అంతస్తులో రెండు గదులు ఆ ఉద్యోగంతోపాటు వచ్చాయి, ఉద్యోగం పోతే అవీ పోతాయి. తుంటి ఎముక విరిగిన ఆమె తల్లి అప్పటికి ఆరేళ్ళుగా మెట్లు దిగలేదు. చందాదారుల సంభాషణ విననని అట్రాక్టా ఉద్యోగంలో చేరిన నాడే ప్రమాణపత్రం మీద సంతకం చేసింది. వింటుందన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె వినకపోతే ఊరికి గడవదు కూడా. డాక్టరు ఇంటికి ఫోన్ చేస్తే, "ఆయన లేరండీ, కోమిస్కీ వాళ్ళింట్లో కాన్పుకి వెళ్ళారు, అక్కడికే కలుపుతున్నా" అనేది. ఆ విధంగా మా ఊళ్ళో కనీసం ముగ్గురు బతికారని నేను లెక్క చెప్పగలను.

మధ్యాహ్నం పూట ఒక ఫోనుకూ మరో ఫోనుకూ మధ్య సగటున తొమ్మిది నిమిషాల విరామం ఉండేది. ఆ తొమ్మిదేసి నిమిషాల్లో ఆమె నవలలు రాసింది. మొదటి రెండింటినీ ఎవరూ పట్టించుకోలేదు. మూడవది, 'కంచె దాటిన కేథరిన్', ఆ వసంతంలో లండన్‌లో అచ్చయి ఆరు నెలల్లో తొమ్మిది ముద్రణలు పొందింది. అట్ట మీద పేరు డయానా వేర్‌హామ్. ఆ రచయిత్రి ఇంగ్లండు పల్లెలో రెండు కుక్కలతో నివసిస్తుందని వెనక అట్ట చెబుతుంది. అట్రాక్టాకు కుక్కంటే ప్రాణభయం. లండన్ నుంచి ఆమెకు వచ్చే పొట్లాలను మా పోస్టుమాన్ చెవి దగ్గర పెట్టి ఊపి చూసేవాడు కనుక రహస్యం నాలుగు వారాలకు మించి నిలవలేదు.

ఇక ఆ వాక్యం సంగతి.

మలాకీ హెషన్ మా ఊళ్ళో పొలాలు వేలం వేయించే వ్యాపారి. రెండేళ్ళపాటు నా వేలికి అతని నిశ్చితార్థపు ఉంగరం ఉంది. అతని ఆఫీసు నంబరు పద్నాలుగు, గ్రంథాలయం నంబరు ఇరవై ఏడు. రెండు భవనాలకూ మధ్య దూరం రెండు వందల గజాలు. 1963 ఫిబ్రవరి 20 మధ్యాహ్నం మూడు గంటలకు అతను ఆ రెండు వందల గజాలు నడవకుండా ఫోన్ చేశాడు.

"డింప్నా, పొలం కొనేముందు చూసినట్టు నిన్ను నాలుగు గట్ల వెంబడీ తిరిగి చూశాను. వంక పెట్టడానికేం లేదు. అయినా కొనబుద్ధి కావట్లేదు."

తర్వాత అతను ఫోన్ పెట్టేశాడు. నేను పెట్టలేదు. గోడ గడియారం ప్రకారం పదకొండు నిమిషాలు రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాను. లైను తెగలేదు. అవతల ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మామూలుగా ఒకవైపు రిసీవరు పెట్టగానే అట్రాక్టా తీగ లాగేస్తుంది. ఆ రోజు లాగలేదు. ఒంటరిగా వదలడం ఇష్టంలేక ఊరుకుందని నేను గ్రహించాను, లేదా గ్రహించాననుకున్నాను. ఆ విషయం మేము ఎన్నడూ ప్రస్తావించుకోలేదు.

ఊరికి నేను చెప్పిన కథ వేరు. ఆ రోజుల్లో ప్రభుత్వ కొలువులో ఉన్న స్త్రీ పెళ్ళినాడే రాజీనామా ఇవ్వాలి. పుస్తకాలు వదులుకోలేక ఉంగరం నేనే తిప్పి పంపానని చెప్పాను. విశ్వవిద్యాలయంలో చదివిన దానిని కాబట్టి ఊరు నమ్మింది. కొందరు గౌరవించారు కూడా. ఆ గౌరవం మీద నేను మూడేళ్ళు తలెత్తుకుని నడిచాను.

నవల ప్రతులు ఆరు తెప్పించింది నేనే. అందులో ఒకటి తీసుకెళ్ళింది మలాకీ అక్క ఫిలమీనా. ఆమె భోజనాల దగ్గర అరవై ఒకటో పేజీ బిగ్గరగా చదివిందట. తర్వాత ఆమే నాకు చెప్పింది:

"పొలం మాట చదివి పడీ పడీ నవ్వానమ్మా. 'ఒరే మలాకీ, ఇలాంటి సన్నాసి ఎవడుంటాడ్రా భూమ్మీద!' అన్నాను. వాడు ఉడకేసిన బంగాళాదుంప గొంతుకడ్డం పడి ఊదారంగుకి తిరిగాడు. అప్పటికి గానీ నాకు బుర్రలో దీపం వెలగలేదు."

పెన్సిలు గీత ఆమెదే.

ఆ మాట అన్నది ఒకరు, విన్నది ఒకరు. నేను చచ్చినా ఎవరికీ చెప్పనని మలాకీకి తెలుసు. అందువల్ల మిగిలేది ఎక్స్ఛేంజి ఒక్కటే. అతని తర్కంలో దోషం లేదు. దోషం తర్వాతి అడుగులో ఉంది: టెలిఫోన్ శాఖకు ఫిర్యాదు రాయడానికి కూర్చుని, రుజువు కోసం ఆ వాక్యాన్ని తన చేతిరాతతో పూర్తిగా ఎక్కించి, కింద సంతకం చేశాడు. అంతవరకు ఆ మాట నవలలోని ఒక దుర్మార్గుడిది. అప్పటి నుంచి అతనిది.

నీళ్ళు కాగాయి. నేను కప్పు ముందు పెట్టాక ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు.

"నలభై ఒక్క ఇళ్ళు తిరిగానండీ. అందరిదీ ఒకటే పాట. లైను ఎంత అధ్వాన్నమంటే ఎదుటివాడి మాటే వినపడదట, ఇంక మధ్యలో మనిషికేం వినపడుతుందట!"

"లైను అధ్వాన్నమే."

"ఇందాకే నేను డబ్లిన్‌కి మాట్లాడాను. చర్చి గంటలా ఖంగున వినపడింది."

"మీ అదృష్టం."

"కోమిస్కీ గారి ఆవిడైతే నన్నే దులిపేసింది. 'తీగలు బాగుచెయ్యమంటే ఒక్కడూ రాడు గానీ, ఆ పిల్లని సతాయించడానికి మాత్రం రైలెక్కి దిగబడతారు' అని." అతను టీ తాగి కప్పు కింద పెట్టాడు. "ఇక మిగిలింది మీరే. చూడండి, నాకూ ఆ అమ్మాయి మీద పగేం లేదు. కానీ ఆవిడ వినకుండా ఆ మాట పుస్తకంలోకి ఎట్లా వచ్చింది? మీరు గానీ ఎవరితోనైనా అన్నారా?"

"అన్నాను."

"ఎవరితో?"

"అట్రాక్టాతోనే. మర్నాడు స్టాంపులు కొనడానికి వెళ్ళి, కౌంటరు దగ్గర ఏడుస్తూ చెప్పాను."

అతను నన్ను పరీక్షగా చూశాడు. "మీరు... ఏడ్చారా?"

"ఏడ్చాను. రాసుకోండి."

"మరి సంబంధం వద్దన్నది మీరేనని ఊళ్ళో అంటున్నారే?"

"నేను కాదు. అతనే వద్దన్నాడు."

మొదటి జవాబు అబద్ధం, ఈ రెండోది నిజం. పైకి అనడం మూడేళ్ళలో అదే మొదటిసారి. అతను రెండింటినీ ఒకే సిరాతో రాసుకుని, నాచేత సంతకం పెట్టించుకుని, గొడుగు తీసుకుని వెళ్ళాడు.

నా వాంగ్మూలాన్ని పోస్టాఫీసులో అట్రాక్టాకు చదివి వినిపించాలని నియమం. చదువుతున్నప్పుడు తలుపు తెరిచే ఉంది, వరుసలో నలుగురున్నారు. మధ్యాహ్న భోజనం వేళకు ఊరంతటికీ తెలిసింది. శనివారం మాంసం కొట్టతను నేనడిగిన ముక్కలతోపాటు మరొకటి కాగితంలో చుట్టి, "ఇదీ ఉంచండి తల్లీ, ఒంటరి మనిషి తినాలి" అన్నాడు. అంతకుముందు పదేళ్ళలో అతను నా ముక్కల్లో ఎముక తగ్గించిన పాపాన పోలేదు. నన్ను చూసి స్త్రీలు గొంతు తగ్గించడం సుమారు నాలుగేళ్ళు సాగింది.

మలాకీని ఎవరూ ఏమీ అనలేదు. ప్రభుత్వానికి పొరుగువాడి మీద కబురు మోసినవాడికి ఈ దేశంలో, పరాయి పాలన రోజుల నుంచీ, ఒక పేరుంది. అది పైకి అనే పేరు కాదు. పొలం అమ్మదలచినవాళ్ళు పక్క ఊరి వేలందారు దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఫిలమీనా మాత్రం ఇంట్లో ఊరుకోలేదు.

"ఆ మాట నీదని ఎవడికి తెలుసురా? ఊరి మధ్యలో డప్పు కొట్టించుకున్నా ఇంత ప్రచారం జరక్కపోను గదరా!"

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను ఎక్స్ఛేంజి గదికి వెళ్ళాను. అట్రాక్టా చెవులకు ఫోను తగిలించుకుని, ఒళ్ళో కాగితాలతో కూర్చుని ఉంది. నన్ను చూసి కలం పక్కన పెట్టింది.

"వచ్చావా? రా. ఐదు రోజులనించీ అడుగుదామని చూస్తున్నా. ఎందుకే అట్లా చెప్పావు? నువ్వు కౌంటరు దగ్గర ఏడవడమేంటే? మీ నాన్న పోయిననాడే ఏడవలేదు నువ్వు."

"ఆ రోజు నువ్వు తీగ తియ్యలేదుగా."

"ఏ రోజు?"

"మలాకీ ఫోను పెట్టేశాక పదకొండు నిమిషాలు. నేను పెట్టలేదు. నువ్వూ లైన్లోనే ఉన్నావు."

ఆమె నా ముఖంలోకి చూసి, తర్వాత బోర్డు వైపు చూసింది. అప్పుడే ఒక దీపం వెలిగింది. "ఎక్స్ఛేంజి... ఫాదర్ గారు నిద్రలో ఉన్నారండీ, నాలుగింటికి చెయ్యండి... చావుబతుకులైతే లేపుతాను, అయితే చెప్పండి... కాదుగా? సరే." ఆమె నా వైపు తిరిగింది.

"డింప్నా, నీకు అబద్ధం చెబితే బావుణ్ణు. నువ్వు నాకోసం అంత పెద్దది చెప్పావు కూడా. కానీ నాకు నోరు రావట్లేదు. అప్పుడు నేను రాసుకుంటున్నానే. ఆ పొలం మాట మర్చిపోతానేమోనని రశీదు వెనకాల గబగబా రాసుకుంటుంటే, దాని వెనకే రెండు పేజీలు వచ్చేశాయి. నువ్వింకా లైన్లో ఉన్నావని చూసుకోనేలేదు."

"అరవై రెండో పేజీనా?"

"అరవై రెండు, అరవై మూడు."

అరవై రెండో పేజీలో కేథరిన్ ఫోను పెట్టేసి, కోటు తొడుక్కుని, తిన్నగా స్టేషనుకు నడుస్తుంది.

"నేనలా చెయ్యలేదు," అన్నాను.

"తెలుసే. చేసుంటే ఇక్కడెందుకుంటావు? నవల్లో పదకొండు నిమిషాలు ఎవరికుంటుందే ఓపిక?" అని, "కోపం వచ్చిందా?" అంది.

నిజాయితీగా వెతికి చూసుకున్నాను. నా సాక్ష్యానికి కారణమని నేను అనుకున్న దయ అసలు జరగనే లేదు. ఆ విషయం అక్టోబరు 11కు ముందు తెలిసి ఉంటే ఇన్‌స్పెక్టరుకు ఏమి చెప్పి ఉండేదాన్నో నాకు ఈనాటికీ తెలియదు. అయితే కారణం లేకపోయినా ఫలితం మాత్రం నిలిచింది: మేడ మీద ఆమె తల్లి దగ్గుతోంది, బోర్డు మీద దీపాలు వెలుగుతున్నాయి.

"లేదు," అన్నాను. "అమ్మకి ఏమైనా కావాలా? రేపు మందుల షాపుకి వెళ్తున్నా."

"దగ్గు మందు తే," అంది. వెంటనే మరో దీపం వెలిగింది.

లవిన్ తన నివేదికలో ఆరోపణ రుజువు కాలేదని రాశాడు. అట్రాక్టా ఆ తర్వాత ఇరవై ఎనిమిది నవలలు ప్రచురించింది. అవి పదహారు భాషల్లోకి వెళ్ళాయి. ఉద్యోగం మానేసి లండన్ రమ్మని ప్రచురణకర్తలు ఏటా రాసేవారు, ఆమె ఏటా క్రిస్మస్ కార్డుతో కాదని జవాబిచ్చేది. పెళ్ళయిన స్త్రీని ఉద్యోగంలోంచి తీసివేసే నిబంధనను 1973లో రద్దు చేశారు. మా ఇద్దరిలో ఎవరికీ దానితో పని పడలేదు. 1972 జూన్‌లో మలాకీ హెషన్ ఆఫీసు భవనం వేలానికి వచ్చింది. పాట పాడించింది పక్క ఊరి వేలందారు, కొన్నది అట్రాక్టా. ఆమె తల్లి దాని కింది గదిలో, వీధి కనిపించే కిటికీ పక్కన రెండేళ్ళు బతికి పోయింది.

1984 మే 24న కిలవోహర్ ఎక్స్ఛేంజిని మూసివేసి ఇంటింటికీ నంబర్లు తిప్పుకునే ఫోన్లు ఇచ్చారు. అట్రాక్టా ఆ తర్వాత పదిహేడేళ్ళు జీవించింది. ఆ పదిహేడేళ్ళలో ఆమె నవల ఒక్కటీ వెలువడలేదు.